పంటితో విన్న మోత

పోయిన గురువారం ఉదయం, పేపరు చదవడం అయిపోయి, అందులోని తెలుగును తిట్టడం ఇంకా పూర్తికాని సమయంలో నరసరావుపేట నుంచి ఫోను వచ్చింది. షెడ్డు మేస్త్రి గారి కూతురు. నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి, ఎవరి చావు కబురైనా గొంతు వణక్కుండా చెప్పగలదు. "టీచరత్తా, నాన్న పోయాడు. తెల్లవారుజామున, నిద్రలోనే" అంది. ఈసారి మాత్రం గొంతు వణికింది.

నా కుడికాలు, కుర్చీ ముందున్న నున్నటి గచ్చును గట్టిగా ఒకసారి తొక్కింది. మా కారు అమ్మేసి ఎన్నో ఏళ్లయింది. అయినా ఎదురుగా ఏదో అడ్డం వచ్చినట్టు కాలు బ్రేకు వేసింది. అక్కడ పెడలు లేదు కాబట్టి ఏదీ ఆగలేదు.

తర్వాత ఆమె ఇంకో మాట అడిగింది. "నాన్న స్క్రూడ్రైవరు ఉంది కదా, కర్ర పిడిది. దాన్ని పెట్టెలో నాన్న పక్కన పెట్టమంటారా, మీకు పంపమంటారా? టీచరమ్మని అడిగి, ఆమె ఎట్టా అంటే అట్టా చెయ్యమని చెప్పిపోయాడు. మూడింటికి తీసుకెళ్తారు."

ప్రశ్న పూర్తికాక ముందే జవాబు చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. అలాంటి నేను ఎనభై ఎనిమిదేళ్లలో మొదటిసారి, "కాసేపాగి చెప్తానమ్మా" అన్నాను. ఒక పాత స్క్రూడ్రైవరు గురించి ఇంత ఆలోచన దేనికని మీకు అనిపించవచ్చు. పక్కనే ఉన్న నా మనవరాలికీ అనిపించింది. ఆ కాసేపట్లో నా మనసులో తిరిగింది తిరిగినట్టు రాస్తున్నాను.

అరవైల మొదట్లో మేం నరసరావుపేటలో ఉండేవాళ్లం. నేను ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు టీచర్ని. మా ఆయన డాక్టరు. బజారులో చిన్న డిస్పెన్సరీ ఉండేది. వారానికి రెండు రోజులు గురజాల, మాచర్ల వైపు పల్లెలకు వెళ్లి రోగుల్ని చూసి వచ్చేవారు. అందుకోసం ఒక చిన్న కారు కొన్నారు. ఇద్దరు కూర్చుంటే పొందికగా, నలుగురు కూర్చుంటే జాలిగా కనిపించే కారు. అప్పటికే ఎవరో వాడి వదిలింది. సాగరు డ్యాము పనులకు పోయే లారీలు ఆ రోడ్డును దున్ని పెట్టేవి. అవి దున్నగా మిగిలిన రోడ్డు మీద మేం వెళ్లేవాళ్లం.

సెలవు రోజుల్లో నన్నూ రమ్మనేవారు. పల్లెల్లో నాకేం పని అంటే, ఊరికే రా అనేవారు. ఆ "ఊరికే" ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఒక వేసవిలో కారు మోత మొదలుపెట్టింది. బ్రేకు తొక్కినప్పుడల్లా ఆయన కాలి దగ్గర కిర్రుమనేది. "ఆ మోత ఏమిటో చూపించండి" అన్నాను. "ఏ మోత?" అన్నారు. పదిసార్లు చెప్పాను. పదిసార్లూ అదే జవాబు. నాకు ఒళ్లు మండింది.

ఒక్క మోత సంగతే అయితే మండేది కాదు. పెళ్లయిన కొత్తలో నా మాటకు మాట అప్పజెప్పిన మనిషి, ఆ రెండుమూడేళ్లుగా ఇంట్లో నోరు విప్పడం తగ్గించేశారు. వంటింట్లోంచి నేనేదైనా అడిగితే పలికేవారు కాదు. పక్కన కూర్చుని చెప్తే తల ఊపేవారు. ఆ ఊపుడుకూ నా మాటకూ పొంతన ఉండేది కాదు. కారెక్కితే మాత్రం చక్కగా మాట్లాడేవారు. తప్పించుకుపోయే దారి లేక మాట్లాడుతున్నారని అనుకున్నాను. నా నోటికి విసిగిపోయారనే తేల్చుకున్నాను. ఆ మాట ఆయన్ని అడగలేదు. అడిగితే అవునంటారేమోనని.

మోత సంగతి మా మామగారి చెవిన పడింది. గురజాల దగ్గర పల్లెలో మిరప, పత్తి పండించే రైతు ఆయన. మా ఇంటికి వచ్చినప్పుడు తనే కారు తలుపు తీసి, కిందికి వంగి చూసి, "ఇరుసు కూస్తే కందెన పెట్టాల. దీనికి ఇంత చదువులు దేనికి?" అన్నారు. కందెన అంటే ఈ కాలం వాళ్లకు తెలియకపోవచ్చు. ఆముదంలో వరిగడ్డి మసి కలిపి ఎడ్లబండి ఇరుసులకు పట్టించే నల్లటి జిడ్డు. తన బండికి వేలాడే గొట్టంలోంచి దాన్ని తీసి పెడలు మొదట్లో ధారాళంగా పులిమారు. మోత ఆగిపోయింది. ఆయన మీసం దువ్వుకుంటూ ఊరెళ్లిపోయారు.

పదిరోజుల్లో పల్నాడు దుమ్మంతా ఆ జిడ్డులో చేరింది. కాలు తీసినా పెడలు పైకి లేచేది కాదు. బతిమాలితే లేచేది, లేస్తూ మూలిగేది. అప్పుడు వెళ్లాం మేస్త్రి గారి షెడ్డుకు.

సత్తెనపల్లి రోడ్డులో రేకుల షెడ్డు ఆయనది. మిషను బడిలో మూడో తరగతి దాకా చదివి, మిషనాసుపత్రి వ్యాను కడిగే పనిలో చేరి, కడుగుతూ కడుగుతూ దాని కడుపులో ఏముందో నేర్చుకున్న మనిషి. అప్పటికి ముప్పై అయిదేళ్లుంటాయేమో. పొడుగ్గా, సన్నగా, చెవి మీద ఎప్పుడూ సుద్దముక్కతో ఉండేవారు. ఆదివారం షెడ్డు తెరిచేవారు కాదు. తెల్లబట్టలు కట్టుకుని చర్చికి పోతూ, గోళ్లలోని నలుపు కనపడకుండా చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవారు. మిరపకాయల లారీలు వరసకట్టే రోజుల్లో మోతల కేసులు తీసుకునేవారు కాదు. "తుమ్ముకుంటా చెవి పెట్టలేమమ్మా, నాలుగు రోజులాగి రండి" అనేవారు.

ఆయన పద్ధతి ఒకటి ఉండేది. కారు తెచ్చినవాళ్లు మోతను నోటితో చేసి చూపించేదాకా బండి మీద చెయ్యి వేసేవారు కాదు. మోత వస్తోంది అంటే చాలదు. ఏ మోతో చెయ్యాలి. పెద్దపెద్ద రైసుమిల్లు యజమానులు ఆ షెడ్డు ముందు నిలబడి గుర్రుమని, టకటకమని, బుస్సుమని చేసి చూపించడం నేను కళ్లారా చూశాను. ఓట్లడగడానికి కూడా వాళ్లు అంత వంగలేదు.

మా వంతు వచ్చింది. మేస్త్రి గారు మా ఆయన్ని అడిగారు. మా ఆయన నా వైపు చూసి, "టీచరు చెప్తుంది" అన్నారు. షెడ్డు పక్కనే టీ కొట్టు. నా దగ్గర చదువుకునే పిల్లల తండ్రులు నలుగురైదుగురు గ్లాసులు పట్టుకుని ఉన్నారు. అనుకరణ శబ్దాల గురించి తరగతిలో అరగంట ఉపన్యాసం ఇవ్వగలను గానీ, నడిబజారులో అనుకరించమంటే ఎలా? పమిట సర్దుకుని, గొంతు సవరించుకుని, "కిర్ర్" అన్నాను.

మేస్త్రి గారు నవ్వలేదు. కళ్లు మూసుకున్నారు. "ఇప్పటి మోత వద్దు టీచరమ్మా. మొట్టమొదట వచ్చిన మోత చెయ్యండి."

"అదే ఇది."

"తొక్కేటప్పుడా, వదిలేటప్పుడా?"

"తొక్కేటప్పుడు."

"బండి ఆగి ఉన్నా వచ్చుద్దా, నడుస్తుంటేనేనా?"

నాకు తెలుసునని నాకే తెలియదు. ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఇంటి ముందు ఆగి ఉన్నప్పుడు మా ఆయన ఊరికే తొక్కినా వచ్చేది. "ఆగి ఉన్నా వస్తుంది" అన్నాను. ఆయన తృప్తిగా కళ్లు తెరిచారు. "అట్టయితే దాని పుట్టిల్లు కాలి దగ్గరే. చక్రందయితే నడిచేటప్పుడే అరుస్తది. అరిచినా కిర్రనదు, కీచంటది. టక్కుమంటే పిన్ను అరిగినట్టు. వదిలినప్పుడు టంగుమంటే స్ప్రింగు జారినట్టు." అలా చెబుతూ పెడలు కిందికి చెయ్యి పోనిచ్చి, నల్లగా బయటికి తీసి, వాసన చూశారు. "కందెనెవరు పెట్టారమ్మా దీనికి?"

"మా మామగారు."

"ఎడ్లను గూడా కట్టిపోయారా?"

జిడ్డంతా కిరసనాయిలుతో కడిగి, పెడలు తిరిగే చోట ఒకే ఒక్క చుక్క నూనె వేశారు. చేతులు రంపపు పొట్టుతో రుద్దుకుంటూ అప్పుడొక మాట అన్నారు. తర్వాత నా క్లాసులో ఎన్నిసార్లు వాడుకున్నానో. "మోత చేసే బండికి భయపడబాకండి టీచరమ్మా. చేసి చేసి ఆపేసిన బండికి భయపడండి." ఆ మాట అంటున్నప్పుడు ఆయన కారును చూడలేదు. కాస్త అవతల నిలబడి, మా మాటలేవీ పట్టనట్టు రోడ్డు వైపు చూస్తున్న మా ఆయన్ని చూశారు. అది నాకు తర్వాత గుర్తొచ్చింది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. మేస్త్రి గారు అప్పుడప్పుడు కారు తెచ్చి అప్పగించడానికి మా ఇంటికి వచ్చేవారు. ఆయనకు టీ ఇచ్చేవాళ్లం. వేరే గ్లాసులో. తాగాక ఆ గ్లాసు వసారా కిటికీ గూట్లో ఉండేది. లోపలి గ్లాసుల్లో కలిసేది కాదు. ఆ ఏర్పాటు మా అత్తగారిదని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఆమె పల్లెలో ఉండేది. రోజూ ఆ గ్లాసును విడిగా కడిగి గూట్లో బోర్లించింది నేను.

దసరా సెలవుల్లో మాచర్ల నుంచి తిరిగి వస్తున్నాం. ఈసారి ఇంకో మోత. ఆయన బ్రేకు తొక్కి పట్టుకున్నప్పుడు, నేల రేకు అడుగున ఎవరో మెల్లగా గుటక వేసినట్టు. నేను చెప్పాను. ఆయన "ఏమీ లేదే" అన్నారు. పిడుగురాళ్ల దాటాక పత్తి బస్తాల ఎడ్లబండి ఒకటి అడ్డం వచ్చింది. ఆయన తొక్కారు. పెడలు నిలబడకుండా కిందికి దిగిపోతూ పోయింది. బండి వెనక కొయ్యకూ మా అద్దానికీ మధ్య జానెడు ఎడం ఉండగా కారు ఆగింది. బండివాడు అంతకుముందే అరిచాడు. వెనక లారీ హారను మోగిస్తూనే ఉంది. మా ఆయన ఆ రెంటిలో దేనికీ తల తిప్పలేదు.

నోటికొచ్చినవన్నీ అన్నాను. చెవుల్లో సీసం పోసుకున్నారా అని కూడా అన్నాను. ఆయన స్టీరింగును రెండు చేతులతో పట్టుకుని ఎదురుగా ఉన్న బండినే చూస్తున్నారు. భయపడ్డారనుకుని ఆపాను.

మర్నాడు పొద్దున్నే, నత్తలా నడిపించుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లాం. నేను గుటక వేసి చూపించాను. మేస్త్రి గారి మొహం మారింది. "చక్రాలకి పోవాల్సిన బ్రేకాయిలు వెనక్కి మింగుతుంది" అన్నారు. కారు కిందికి దూరి పడుకుని, మా ఆయన్ని సీట్లో కూర్చుని తొక్కమన్నారు. "మోత వచ్చినప్పుడల్లా కిటికీలోంచి చెయ్యి చూపియ్యండి డాక్టరు గారూ."

ఆయన తొక్కారు. పక్కన నిలబడ్డ నాకు మూడోసారికి గుటక స్పష్టంగా వినపడింది. చెయ్యి లేవలేదు. నాలుగోసారి మోత లేదు. చెయ్యి లేచింది. అయిదోసారి లేచింది. ఏడోసారి గుటక, చెయ్యి లేదు. నాకు విసుగొచ్చి నోరు తెరిచేలోపు మేస్త్రి గారు బయటికి వచ్చారు. ముందు ఆ చేతిని చూశారు, తర్వాత నన్ను. టీ కొట్టు వైపు తిరిగి, పెట్రోలు కారుతోంది, బీడీలున్నవాళ్లు దూరం పొండని కేకేశారు. చుక్క పెట్రోలు కూడా కారడం లేదు. జనమంతా రోడ్డు అవతలికి పోయాక, మామూలు గొంతుతో, "టీచరమ్మా, మీరెక్కి తొక్కండి. డాక్టరు గారూ, మీరొకసారి నాతోపాటు కిందికి రండి" అన్నారు.

డ్రైవరు సీట్లో నేను కూర్చోవడం అదే మొదటిసారి. తలుపు తెరిచే ఉంది. నాకు కనిపించింది గోతం పట్టా మీద నాలుగు పాదాలు. రెండు ఉత్తకాళ్లు, రెండు పాలిషు బూట్లు. మాటలు మాత్రం రేకు కిందనుంచి వినపడ్డాయి.

మేస్త్రి గారి దగ్గర మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు ఉండేది. కొన ఇంజను మీద ఆనించి, కర్ర పిడిని పళ్ల మధ్య కరిచి పట్టుకుని లోపలి మోతలు వినేవారు. చెవికి వినపడనివి కూడా అలా పట్టేవారు. "చెవి ఒక్కోసారి అబద్ధం చెప్పుద్ది. పంటికి ఆ తెలివి లేదు" అనేవారు. ఇప్పుడు దాన్ని బ్రేకు సిలిండరుకు ఆనించి మా ఆయనకు చూపిస్తున్నారు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు.

"ఉండండి డాక్టరు గారూ. అది పదిహేనేళ్ల నా ఎంగిలి. కొట్టుకి పంపించి కొత్తది తెప్పిస్తా."

నా చెయ్యి తలుపు మీదికి పోయింది. దేనికో చెప్పమంటే సిగ్గుగా ఉంది. వద్దనడానికే. అప్పటికే కింద మాటలు ఆగిపోయాయి. కాసేపటికి మేస్త్రి గారి గొంతు, బాగా తగ్గి, "అట్టా కాదండీ, కొంచెం గట్టిగా కరవాల" అంది. తర్వాత నాకు, "తొక్కండమ్మా."

తొక్కాను. గుటక పడింది. బూట్లు ఒక్కసారి బిగుసుకున్నాయి.

పళ్ల మధ్య కర్ర పెట్టుకున్న మనిషి గొంతు ఎలా ఉంటుందో అలాగే, ముద్దముద్దగా, మా ఆయన అన్నారు. "ఇంకోహారి."

తొక్కాను.

"ఇంకోహారి తొక్కు."

ఎన్నిసార్లు తొక్కించారో తెలియదు. నా మడమ నొప్పెట్టింది. అది మంచి మోత కాదు, మా ప్రాణం తీయబోయిన మోత. దాన్నే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. నాకేం తెలుసు? "బ్రేకు చూస్తున్నారా, హార్మోనియం కచేరీ చేస్తున్నారా?" అన్నాను. నా జీవితంలో వెనక్కి తీసుకోవాలనిపించే మాటలు చాలా తక్కువ. మొదటిది అదే.

ఆయన బయటికి వచ్చారు. తెల్లచొక్కా వీపంతా నల్లగా ఉంది. మొహం తడిగా ఉంది. మేస్త్రి గారు గుడ్డపీలిక అందిస్తూ నాతో, "ఆయిలు కంట్లో పడిందమ్మా" అన్నారు. సిలిండరులో రబ్బరు కప్పు అరిగిపోయిందని, గుంటూరు నుంచి తెప్పించేదాకా కారు కదలకూడదని చెప్పారు. మేం నడిచి వచ్చాం.

మా ఆయన ఇంటికి రాకుండా డిస్పెన్సరీ తలుపు తీశారు. మేజా సొరుగులోంచి, కాలేజీ రోజుల నాటి, చెవి పరీక్షకు వాడే ట్యూనింగు ఫోర్కు అనే ఇనప చీలికను తీశారు. దాన్ని మోగించి చెవి దగ్గర పెట్టుకున్నారు, తర్వాత చెవి వెనక ఎముక మీద పెట్టుకున్నారు. మళ్లీ చెవి దగ్గర, మళ్లీ ఎముక మీద. అప్పుడు కూర్చుని నాతో మొత్తం చెప్పారు. మూడేళ్లుగా వినికిడి పోతోంది. స్టెతస్కోపులో రోగుల గుండె అందడం లేదు. నరం చచ్చిపోయిందని తనకు తానే తీర్పు చెప్పుకున్నారు. ఊరందరికీ పరీక్షలు రాసే మనిషి, తన చెవిని పరీక్ష చేసుకోవడానికి భయపడి ఆ చీలికను సొరుగులో దాచారు. ఉగాదికి డిస్పెన్సరీ మూసేసి మిరప చేలోకి పోదామని నిర్ణయించుకున్నారు. ఇప్పుడు పంటి గుండా ఆ గుటక వినపడింది. ఎముక గుండా వినపడుతోందంటే నరం బతికే ఉంది. దారిలో ఎక్కడో అడ్డం పడింది, అంతే.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే జాలిపడి నువ్వు మెల్లగా మాట్లాడతావేమోనని. కారులో ఇంజను మోత మీద అరుస్తావు. అక్కడొక్కచోటే నువ్వు నాకు వినపడేదానివి."

సెలవు రోజుల్లో ఊరికే రమ్మన్నది అందుకు. ఇంటికి వెళ్లాక కిటికీ గూట్లోంచి గ్లాసు తీసి లోపలి గ్లాసుల్లో కలిపేశాను. ఏది ఏదో నాకే తెలియకుండా నాలుగుసార్లు తారుమారు చేశాను.

ఊళ్లో డాక్టరుకు చెవుడంటే ఎవరు వస్తారు? ఆ రహస్యం మేస్త్రి గారి నోట్లో ఉంది, ఆయన షెడ్డు పక్కన టీ కొట్టుంది. రెండోరోజు నేను వెళ్లాను. నేనడగక ముందే ఆయన అన్నారు. "డాక్టరు గారు బండి కింద ఎందుకు దొల్లారని అందరూ అడిగారు. టీచరమ్మ పని నేర్చుకోమందంట అని చెప్పా. మీ నోటికి ఈ ఊరు ఎట్టాగూ భయపడద్ది. ఇంకొంచెం మొయ్యండి." మోశాను. మొగుణ్ని కారు కింద పడుకోబెట్టిన ఆడదని నరసరావుపేటలో నాకున్న పేరు ఇప్పటికీ ఉంది. రిటైరైన రోజున సన్మానంలో కూడా ఎవరో గుర్తు చేశారు. అసలు సంగతి ఇవాళే బయటపెడుతున్నాను. మా ముగ్గురిలో నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి నా ఇష్టం.

మద్రాసులో చెవి డాక్టరు చూసి, చెవి లోపలి చిన్న ఎముక ఒకటి బిగుసుకుపోయిందన్నారు. మా ఆయన ఆపరేషనుకు ముందు మేస్త్రి గారికి ఆ సంగతి ఉత్తరం రాశారు. జవాబు కార్డు వచ్చింది. "అంటే పిన్ను పట్టేసింది, లైను మంచిదే. భయం లేదు. ప్రార్థన చేస్తున్నాం." ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడివక్కడ తప్పు. ఆ కార్డును నేను దిద్దలేదు.

ఆపరేషనయి, చెవిలో దూది తీసేసి ఊరికి వచ్చాక మొదట షెడ్డుకే వెళ్లాం. కారు సిద్ధంగా ఉంది. మా ఆయన ఎక్కి, ఇంజను వెయ్యక ముందే అలవాటుగా బ్రేకు తొక్కారు. ఆగి, మళ్లీ తొక్కారు. నా వైపు తిరిగి, "ఏమిటిది, కిర్రుమంటోంది?" అన్నారు.

నేను అప్పటికింకా కారెక్కలేదు. ఆ మోత నాకు వినపడలేదు. మా కాపురంలో ఒక మోతను నాకంటే ముందు ఆయన విన్నది అదే. మేస్త్రి గారు ఎక్కడో చూస్తూ, చేతులు పొట్టుతో రుద్దుకుంటున్నారు. ముందురోజు పెడలు దగ్గరి నూనె చుక్కను తనే శుభ్రంగా తుడిచేశారట. "దాంతో ప్రమాదమేం లేదు డాక్టరు గారూ. నూనె వెయ్యమంటారా?" అని అడిగారు. వద్దన్నాను నేను. ఆ ఏడాదంతా మా కారు పల్నాడు రోడ్ల మీద కిర్రుమంటూనే తిరిగింది. ఇంట్లో వంటింట్లోంచి నేనొక మాటంటే హాల్లోంచి రెండు వచ్చేవి. అంత హాయిగా ఎప్పుడూ పోట్లాడుకోలేదు.

తర్వాత నేనూ కారు నేర్చుకున్నాను. మేస్త్రి గారే నేర్పారు. కాలు కాదు, ముందు చెవి పెట్టమనేవారు. ఇప్పుడు మా మనవరాలి కారు మోత చెయ్యదు, ఎర్రదీపం వెలిగిస్తుంది. దీపాన్ని నోటితో చేసి చూపించమని ఎవరడుగుతారు?

మా ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆయన బూడిద కృష్ణలో కలిసింది. ఫొటోలున్నాయి, అన్నిట్లోనూ ఫొటో కోసం పెట్టిన మొహమే. ఆయన పోయిన పదిరోజులకు మేస్త్రి గారు వచ్చి, లోపల కుర్చీలో కూర్చుని, ఏదో ఒక గ్లాసులో టీ తాగి, సంచిలోంచి ఆ స్క్రూడ్రైవరు తీసి నా చేతిలో పెట్టారు. పిడికి ఒకవైపు లోతుగా, ఏళ్ల తరబడి పడ్డ ఆయన పంటిగాట్లు. రెండోవైపు, చివరన, పైపైన పడ్డ నాలుగు గాట్లు. రెండో గాటు సగమే ఉంది. మా ఆయన ముందుపన్ను చిన్నప్పుడే విరిగింది. ఆ పిడికి వార్నీషు పెట్టనివ్వలేదని, రెండోవైపు తను ఎప్పుడూ కరవలేదని చెప్పి, మళ్లీ గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్లారు. ఇమ్మని అడగాలనిపించింది. అడగలేదు. ఆయనకింకా పని ఉంది దానితో.

పోయిన గురువారం దాన్ని నాకిస్తామన్నారు. నా బొటనవేలు ఆ సగం గాటును తడమాలని ఎంత కొట్టుకుందో చెప్పలేను. ఈ భూమ్మీద మా ఆయన వదిలిన అచ్చు అదొక్కటే. తెప్పించుకుంటే రోజూ తడుముకోవచ్చు. కాని నావి కట్టుడు పళ్లు. నా దగ్గర అది ఏమీ వినలేని ఒట్టి కర్ర. పైగా ఆ రెండు ఎంగిళ్లూ కలిసింది ఒకే చెక్క మీద. ఒకప్పుడు గ్లాసును గూట్లో విడిగా పెట్టిన చెయ్యి ఇది. ఇంకోసారి విడదీయడానికి దానికి మనసొప్పలేదు.

మూడు కాకముందే ఫోను చేశాను. "పెట్టెలోనే పెట్టమ్మా" అన్నాను. ఊరికే పక్కన పడెయ్యొద్దని, పిడి నాన్న నోటి దగ్గరికి వచ్చేలా, కొన పెట్టె చెక్కకు ఆనేలా పెట్టమని చెప్పాను. చర్చి గురువుగారు ఏమంటారో అని ఆమె నసిగింది. టీచరత్త చెప్పిందని చెప్పు, ఏమీ అనరు అన్నాను.

వాళ్ల సమాధుల తోట సత్తెనపల్లి రోడ్డు పక్కనే, సరిగ్గా మలుపు దగ్గర. అక్కడికి వచ్చేసరికి ప్రతి బస్సూ, ప్రతి లారీ బ్రేకు తొక్కాల్సిందే. ఆ మోత నేలలోకి దిగి, మట్టిలోంచి చెక్కకూ, చెక్కలోంచి ఇనుముకూ, ఇనుములోంచి ఆ పిడికీ పోతుంది. ఒకవైపు ఆయన పళ్ల గాట్లు. రెండోవైపు సగం విరిగిన పన్ను గాటు. ఇది రాస్తున్నంతసేపూ నా కుడికాలు గచ్చును మెల్లగా తొక్కుతూనే ఉంది. తొక్కి, ఆగి, ఇంకోసారి.